త్రీ-ఏ బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్‌కి "స్పెషల్ థ్రెట్" (పట్టికలో లేని ప్రత్యేక తూటాల) టెస్టు: స్పెక్‌లో ఏం రాయాలి, ల్యాబ్‌లో ఏం చూడాలి?

క్యూసీ_జీడిమెట్ల

మేం చేసేది బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ సాఫ్ట్ ప్యానెల్, అమెరికా ఎన్‌ఐజే (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జస్టిస్) స్టాండర్డ్ 0101.06లో త్రీ-ఏ, అంటే పిస్టల్ తూటాల లెవెల్, డిజైన్. అరమిడ్ నేత కొంత, పోగులన్నీ ఒకే దిక్కున పరిచిన పాలిథిలీన్ యూడీ షీట్లు కొంత. ఎగుమతి ఆర్డర్ స్పెక్ చివర ఒక్క లైను తగిలించారు: "స్పెషల్ థ్రెట్స్ కూడా ఆపాలి. 9 మి.మీ. ప్లస్-పీ-ప్లస్ హాలో పాయింట్, 9 మి.మీ. ఫ్రాంజిబుల్, 12 బోర్ స్లగ్." (హాలో పాయింట్ అంటే ముక్కులో గుంత ఉన్న తూటా, ఫ్రాంజిబుల్ అంటే తగలగానే పొడయ్యేది, స్లగ్ అంటే షాట్‌గన్ పేల్చే ఒంటి సీసం ముద్ద.) జాకెట్ ముందు జేబులో పెట్టే పాలిథిలీన్ ప్లేట్‌కి "త్రీ ప్లస్" అని రాశారు. తూటా బరువు లేదు, వేగం లేదు, ఎన్ని షాట్లో లేదు, ప్యానెల్ వెనక మట్టిలో పడే గుంట ఎంతవరకు ఒప్పుకుంటారో లేదు.

మెటీరియల్ సప్లయర్ ఇచ్చిన రిపోర్టులో ప్రతి తూటా ఎదురుగా "ఆగింది" అన్న ఒక్క మాటే ఉంది. ఇది చాలదని తెలుసు. కొనేవాళ్ళకి తిరిగి పంపే క్లాజు ఎలా ఉండాలి? ల్యాబ్ బుక్ చేసేముందు ఏమేం అడగాలి? ఈ తూటాలతో మామూలు త్రీ-ఏ టెస్టులో రాని తలనొప్పులు ఏవైనా ఉంటాయా?

రేంజ్_లాగ్‌బుక్

క్యూసీ గారూ, ముందు పేర్ల సంగతి తేల్చుకుందాం. "త్రీ ప్లస్" అనే లెవెల్ ఏ ఎన్‌ఐజే స్టాండర్డ్‌లోనూ లేదు. అది అమ్మేవాళ్ళు పెట్టుకున్న పేరు. 0101.06లో టైప్ త్రీకి కొట్టేది ఒక్క తూటానే: 7.62 నేటో ఎం80 బాల్, 9.6 గ్రాములు, 847 మీ/సె. రైఫిల్ తూటాలు ఇంకా చాలా ఉన్నాయి కాబట్టి ఆ ఖాళీలో "ప్లస్" పుట్టింది. ఒక కంపెనీ ప్లస్‌కీ ఇంకో కంపెనీ ప్లస్‌కీ పొంతన ఉండదు.

2023 నవంబరులో వచ్చిన 0101.07 ఈ గందరగోళాన్ని చాలావరకు తీర్చింది. తూటాల పట్టికని విడదీసి 0123.00 అనే వేరే స్టాండర్డ్‌లో పెట్టారు. పిస్టల్‌కి హెచ్‌జీ1, హెచ్‌జీ2. రైఫిల్‌కి ఆర్‌ఎఫ్1, ఆర్‌ఎఫ్2, ఆర్‌ఎఫ్3. ఆర్‌ఎఫ్1లో ఎం80తో పాటు 7.62×39 మైల్డ్ స్టీల్ కోర్ (732 మీ/సె), 5.56 ఎం193 (990 మీ/సె) వచ్చాయి. ఆర్‌ఎఫ్2 అంటే ఆ మూడూ ఇంకా ఎం855 (950 మీ/సె). ఆర్‌ఎఫ్3 పాత టైప్ ఫోర్‌లాగే ఎం2 ఏపీ (కవచాన్ని చీల్చే తూటా), 878 మీ/సె. కాబట్టి మీ ప్లేట్ విషయంలో కొనేవాళ్ళని అడగాల్సింది ఒక్కటే: "మీ త్రీ ప్లస్ అంటే ఆర్‌ఎఫ్1ఆ, ఆర్‌ఎఫ్2ఆ?" ఎం855 ముక్కులో ఉక్కు ముక్క ఉంటుంది. ఎం80ని హాయిగా పట్టుకునే ఉత్త పాలిథిలీన్ ప్లేట్ దానికీ సరిపోతుందని ఊహించుకుంటే పప్పులో కాలేసినట్టే. విడిగా టెస్టు చేయాల్సిందే.

శక్తిని జూల్స్‌లో లెక్కేసి "దీనికంటే అది తక్కువే కదా" అనే వాదన కూడా రానివ్వకండి. త్రీ-ఏలో .44 మాగ్నమ్ 15.6 గ్రాములు, 436 మీ/సె, అంటే దాదాపు 1480 జూల్స్. ఎం193 దాదాపు 1750. అంకెల్లో తేడా పెద్దగా లేదు, కానీ మొదటిది సాఫ్ట్ ప్యానెల్ పని, రెండోదానికి ప్లేట్ కావాలి. పోగు సాగి భారాన్ని పక్కకి పంచుకోవడానికి ఎంత సమయం దొరుకుతుంది, దెబ్బ ఎంత జాగాలో పడుతుంది, తూటా తాకగానే చితుకుతుందా లేదా అన్నవే తేలుస్తాయి. శక్తి ఒక్కటే ఏమీ చెప్పదు.

ఇక క్లాజులో ప్రతి తూటాకీ ఒక వరుస ఉండాలి. తయారీదారు, మోడల్, లాట్ నంబరు, తూటా నిర్మాణం (జాకెట్ రాగా, ఉక్కా, లోపల సీసమా, మైల్డ్ స్టీలా, హార్డ్ స్టీలా), బరువు గ్రాముల్లో, కోరిన వేగం, దాని మీద ప్లస్-మైనస్. 0101.06 ఇచ్చే వెసులుబాటు 9.1 మీ/సె. అదే వాడేసుకోండి. "7.62×39" అని క్యాలిబర్ మాత్రమే రాస్తే చెల్లదు. అదే కొలతలో సీసం గుండెదీ ఉంది, మైల్డ్ స్టీల్‌దీ ఉంది, హార్డ్ స్టీల్‌దీ ఉంది. బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లకి మన భారత ప్రమాణం ఐఎస్ 17051:2018 హార్డ్ స్టీల్ కోర్ ఏకే తూటాకి లెవెల్ 5 అని వేరే మెట్టు పెట్టింది అందుకే.

గుంట_కొలత

పై జవాబుకి చిన్న చేర్పు. సప్లయర్ రిపోర్టులో "ఆగింది" అన్న మాట మీకు 12 బోర్ స్లగ్ దగ్గర ఎందుకూ పనికిరాదు. 28 గ్రాముల మెత్తటి సీసం ముద్ద త్రీ-ఏ ప్యానెల్‌ని చీల్చుకుని పోవడం అరుదు. అసలు కష్టం వెనక పడే గుంట. ప్యానెల్‌కి చిల్లు లేదు, మట్టిలో గుంట మాత్రం 44 మి.మీ. దాటేసింది అనుకోండి. సప్లయర్ భాషలో అది "ఆగింది", స్టాండర్డ్ భాషలో ఫెయిల్.

0101.06 లెక్క ఇది: ఏ ఒక్క గుంటా 50 మి.మీ. దాటకూడదు. ఆపైన, కొలిచినవన్నీ 44లోపు ఉండాలి, లేదంటే 80 శాతం గుంటలు 44లోపే ఉంటాయని 95 శాతం నమ్మకంతో గణాంకం చూపించాలి. మీ క్లాజులో స్లగ్‌కి కూడా ఇదే పెడతారా, చిల్లు ఒక్కటే చూసి గుంటని ఊరికే నమోదు చేస్తారా అన్నది కొనేవాళ్ళు రాతపూర్వకంగా చెప్పాలి. ఇక్కడ నోటిమాట పనికిరాదు. గుంట పరిమితి పెడితే ప్యానెల్ బరువు పెరుగుతుంది, ధరా పెరుగుతుంది.

ప్యానెల్ వెనక పెట్టే మట్టి సంగతి. రోమా ప్లాస్టిలినా నంబర్ 1 అనే మోడలింగ్ మట్టి, పెట్టె 610×610 మి.మీ., లోతు 140. షూటింగ్‌కి ముందు, తర్వాత డ్రాప్ టెస్టు: 63.5 మి.మీ. వ్యాసం, 1043 గ్రాముల ఉక్కు గుండుని 2 మీటర్ల నుంచి ఐదు చోట్ల వదలాలి. సగటు లోతు 19 ప్లస్-మైనస్ 2 మి.మీ. ఏ ఒక్కటీ 16కి తగ్గకూడదు, 22 దాటకూడదు. ఇప్పుడు దొరికే మట్టి మామూలు గది వేడిలో ఈ అంకెకి రాదు, గట్టిగా ఉంటుంది. అందుకని ఓవెన్‌లో వెచ్చబెట్టి వాడతారు. ఓవెన్ మీద ఎన్ని డిగ్రీలు పెట్టారన్నది ముఖ్యం కాదు, గుండు ఎంత దిగిందన్నదే ముఖ్యం. బయటికి తీసిన దగ్గర్నుంచి మట్టి చల్లబడుతూనే ఉంటుంది. పైపొర ముందు చల్లబడుతుంది, నడుమ వెచ్చగానే ఉంటుంది. ఒకే పెట్టె మీద తీరిగ్గా గంటన్నర షూట్ చేస్తే చివరి గుంటలు చిన్నవిగా వస్తాయి. జాకెట్ బాగుపడింది అనుకుంటారు, నిజానికి మట్టి బిగుసుకుంది. రిపోర్టులో షూటింగ్ తర్వాతి డ్రాప్ అంకెలు లేకపోతే వెనక్కి పంపేయండి.

ఇంకో మోసం, చాలామందికి తట్టనిది: గుంట పూడ్చేటప్పుడు మట్టిలో గాలి చిక్కుకుపోవడం. పైన సమంగా చెక్కేస్తారు, లోపల బుడగ మిగులుతుంది. పక్క షాట్ సరిగ్గా దాని మీద పడిందంటే 3-4 మి.మీ. ఎక్కువ వస్తుంది, కారణం ఎవరికీ అంతుచిక్కదు. కొంచెం కొంచెంగా పెట్టి సుత్తితో దట్టించాలి.

రేంజ్_లాగ్‌బుక్

అవును, దట్టించకుండా అరచేత్తో అద్దేసే ల్యాబులు ఉన్నాయి. బుక్ చేసేముందే అడగండి.

మీ మూడో ప్రశ్నకి వస్తాను. ఈ తూటాలతో వచ్చే తలనొప్పులు ఎక్కువగా వేగం కొలిచే దగ్గరే. పిస్టల్ తూటాకి బారెల్ మూతి నుంచి ప్యానెల్ దాకా 5 మీటర్లు, రైఫిల్‌కి 15. మధ్యలో రెండు జతల లైట్ స్క్రీన్లు (తూటా దాటిన క్షణాన్ని పట్టి వేగం చెప్పే కాంతి తెరలు), ఒకదానితో ఒకటి సంబంధం లేనివి. రెండు జతలూ ఇచ్చే వేగాల మధ్య తేడా 3 మీ/సె దాటితే ఆ షాట్ లెక్కలోకి రాదు. స్లగ్ వెనకాలే వాడ్ (మందుకీ స్లగ్‌కీ మధ్య ఉండే బిరడా) ఎగురుతూ వస్తుంది. స్క్రీన్‌ని అది కూడా ట్రిగ్గర్ చేస్తుంది. మొదటి స్క్రీన్ స్లగ్‌ని చూసి, రెండోది వాడ్‌ని చూస్తే వచ్చే అంకె కాకి లెక్కే. కాలిపోని మందు రేణువులు, మూతి మంట కూడా అదే పని చేస్తాయి. మొదటి స్క్రీన్‌ని మూతికి కనీసం 2 మీటర్ల దూరం జరిపి, మధ్యలో తూటా పట్టేంత రంధ్రం ఉన్న అడ్డుపలక పెడితే చాలావరకు పోతుంది.

రెండోది, యా. అంటే తూటా ముక్కు నేరుగా రాకుండా ఊగడం. 5 డిగ్రీలు దాటితే అది న్యాయమైన షాట్ కాదు. ప్యానెల్‌కి ముందు పలుచటి కార్డు పెట్టి, పడిన రంధ్రం గుండ్రంగా ఉందా, కోలగా ఉందా చూస్తారు. తేలికైన, వేగమైన ప్రత్యేక తూటాలు కొన్ని టెస్ట్ బారెల్ లోపలి గాడుల మెలికకి సరిపడవు, ఊగుతూ వస్తాయి. వంకరగా తగిలిన తూటాని ఆపడం ప్యానెల్‌కి సులువు. అంటే ఈ తప్పు ఎప్పుడూ జాకెట్‌కి అనుకూలంగానే ఉంటుంది. అందుకే దాన్ని ఎవరూ పనిగట్టుకుని వెతకరు. మీరు అడగండి: స్పెషల్ రౌండ్లకి ప్రతి షాట్‌కీ యా కార్డు ఫొటో కావాలని.

మూడోది హాలో పాయింట్ గురించి. భయపడాల్సినంత ఏమీ లేదు. నున్నటి ఫుల్ మెటల్ జాకెట్ తూటాతో పోలిస్తే మొదటి పొరల్లోనే పువ్వులా విచ్చుకుంటుంది కాబట్టి ప్యానెల్‌కి పట్టుకోవడం తేలిక. ప్లస్-పీ-ప్లస్ అంటే మామూలు కంటే ఎక్కువ ఒత్తిడి. కానీ అమెరికా తూటా తయారీదారుల సంఘం సామీ ప్లస్-పీకే అంకె ఇచ్చింది, ప్లస్-పీ-ప్లస్‌కి ఉమ్మడి పరిమితి అంటూ లేదు. కాబట్టి ఆ మాట కూడా వేగం చెప్పదు. విడిగా మీ/సె రాయాల్సిందే.

పింగాణి_ప్లేట్

ఫ్రాంజిబుల్ గురించి ఎవరూ రాయలేదు. అవి లోహపు పొడిని ఒత్తి చేసిన తూటాలు, గట్టి వస్తువు తగలగానే పొడైపోతాయి. సాఫ్ట్ ప్యానెల్ మీద టెస్టులో రెండు చిక్కులు. ఒకటి, మట్టిలో రాగి రంగు ధూళి కనిపిస్తే అది ప్యానెల్ దాటి వచ్చిందా, అంచు పక్కనుంచి ఎగిరి పడిందా అన్న తగాదా. స్టాండర్డ్ ప్రకారం తూటా ముక్క గానీ, ప్యానెల్ ముక్క గానీ ఒంటివైపు వచ్చిందంటే చిల్లు పడ్డట్టే. ప్రతి షాట్ తర్వాతా ప్యానెల్ విప్పి చివరి పొరని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడాలి. కొత్త షాట్‌కి ముందు మట్టి పైభాగం చెక్కి శుభ్రం చేయాలి, లేకపోతే పాత ధూళి కొత్త షాట్ ఖాతాలో పడుతుంది.

రెండోది మీ కేసులో కాకపోయినా చదివేవాళ్ళ కోసం: ఉక్కు ప్లేట్ మీద ఇలాంటి తూటాలు పొడై ప్లేట్ వెంబడే నలుదిక్కులా చిమ్ముతాయి. గడ్డం, గొంతు, చేతులు ఆ దారిలోనే ఉంటాయి. గుంట కొలిచే ఎన్‌ఐజే పద్ధతి దీన్ని చూడదు. కాబట్టి ప్లేట్ చుట్టూ చట్రంలా దళసరి అట్ట నిలబెట్టి, ఎక్కడెక్కడ చిల్లులు పడ్డాయో గీసి పెట్టమని క్లాజులో రాయండి.

ఇక మీ ప్లేట్. ఐసీడబ్ల్యూనా, స్టాండ్-అలోనా? స్పెక్‌లో రాయకపోతే ఇద్దరూ చెరో అర్థం తీసుకుంటారు. స్టాండ్-అలోన్ అంటే ప్లేట్ ఒక్కటే ఆపాలి. ఐసీడబ్ల్యూ అంటే వెనకాల సాఫ్ట్ జాకెట్ ఉంటేనే రేటింగ్. అదీ ఏదో ఒక త్రీ-ఏ కాదు, టెస్టులో ఏ మోడల్ పెట్టారో అదే. కాన్పూర్‌లోని డీఆర్‌డీఓ ల్యాబ్ డీఎంఎస్ఆర్‌డీఈ 2024లో లెవెల్ 6 జాకెట్ ప్రకటించినప్పుడు రెండు అంకెలు విడివిడిగా ఇచ్చింది గమనించండి: ఐసీడబ్ల్యూలో చదరపు మీటరుకి 40 కిలోలలోపు, స్టాండ్-అలోన్‌లో 43 లోపు. దాన్ని చండీగఢ్ టీబీఆర్‌ఎల్‌లో ఐఎస్ 17051 ప్రకారం 7.62×54ఆర్ ఏపీఐ (కవచాన్ని చీల్చి నిప్పంటించే) తూటాతో, ఒకే ప్లేట్ మీద ఆరు షాట్లు కొట్టి చూశారు. 0101.06 టైప్ ఫోర్‌లో ప్లేట్‌కి ఒక్క షాటే. "ఏపీ ఆపుతుంది" అన్న ఒకే మాట వెనక ఇంత తేడా ఉంది.

తర్వాత పింగాణి ముఖం ఉన్న ప్లేట్ తీసుకుంటే ఇంకో మెట్టు ఉంటుంది. 4.5 కిలోల మట్టి బరువు వెనక కట్టి, కొట్టే ముఖం కిందికి ఉండేలా 1.2 మీటర్ల ఎత్తు నుంచి కాంక్రీటు మీద రెండుసార్లు పడేయాలి. ఆ తర్వాతే షూటింగ్. పడేసిన తర్వాత ఎక్స్-రే తీయించండి. బీటలు ఏ టైల్ అతుకు వెంట నడిచాయో తెలిస్తే రెండో షాట్ ఎక్కడ ఓడిపోయిందో అర్థమవుతుంది, లేకపోతే ఊహాగానాలే.

క్యూసీ_జీడిమెట్ల

చాలా థాంక్స్ అండీ అందరికీ. రెండు అనుమానాలు. స్పెషల్ రౌండ్లు ఖరీదు, దొరకడమూ కష్టం. కాబట్టి ఒక్కో తూటాకి ఒకే ప్యానెల్ మీద 6 షాట్లు చాలంటున్నారు మావాళ్ళు. రెండు, కొత్త ప్యానెళ్ళ మీద చేస్తే చాలా?

వీ50_వాదం

6 షాట్లు, సున్నా ఫెయిల్. వినడానికి బాగుంది. 95 శాతం నమ్మకంతో దాన్నుంచి మీరు చెప్పగలిగేది: ఆపే అవకాశం కనీసం 61 శాతం. అంతే. 24 షాట్లు శుభ్రంగా ఆపితే 88 శాతం. 90 అనాలంటే 29, 95 అనాలంటే 59. లెక్క సులువు: 0.05కి షాట్ల సంఖ్యో మూలం. ఎక్సెల్‌లో ఒక గడి చాలు, మీవాళ్ళకి ఆ గడి చూపించండి.

59 రౌండ్లు కొనలేని చోట వీ50 (సగం తూటాలు ఆగి, సగం చీల్చుకుపోయే వేగం) ఆదుకుంటుంది. వేగం పెంచుతూ తగ్గిస్తూ, చిల్లు పడ్డవీ ఆగినవీ సమానంగా వచ్చేలా కొట్టి సగటు తీయడం. అమెరికా మిలిటరీ స్టాండర్డ్ మిల్-ఎస్‌టీడీ-662ఎఫ్‌లో మూడు-మూడు అయితే కనిష్ఠ, గరిష్ఠ వేగాల మధ్య తేడా 27 మీ/సె లోపు, అయిదు-అయిదు అయితే 38 లోపు. వచ్చిన వీ50కీ, కోరిన వేగానికీ మధ్య ఎంత దూరం ఉందో చూస్తే ప్యానెల్ ఒడ్డున నిలబడి ఉందా, ఊపిరి తీసుకునే జాగా ఉందా తెలుస్తుంది. ఊరికే ఆగింది/పోయింది రిపోర్టు ఇది చెప్పదు. అయితే హాలో పాయింట్‌తో వీ50 తీసేటప్పుడు జాగ్రత్త. వేగం మారితే అది విచ్చుకునే తీరూ మారుతుంది, గీత నున్నగా రాదు. నన్నడిగితే హాలో పాయింట్‌కీ స్లగ్‌కీ వీ50 వద్దు. నిర్మాణం మారని తూటాతో, లేదా 1.1 గ్రాముల ఎఫ్‌ఎస్‌పీ (పేలుడు శకలాన్ని అనుకరించే ఉక్కు ముక్క)తో ప్యానెల్ మూల బలాన్ని కొలిచి ఉంచుకుంటే ప్రతి కొత్త బ్యాచ్‌నీ దాంతో పోల్చుకోవచ్చు.

గుంట_కొలత

పై లెక్కతో పేచీ లేదు, కానీ కొనేవాళ్ళు స్లగ్ అడిగారు కాబట్టి స్లగ్‌తోనే గుంట చూపించాలి. ఎఫ్‌ఎస్‌పీ వీ50 ఎంత బాగున్నా స్లగ్ గుంట గురించి ఒక్క ముక్క చెప్పదు. రెండూ వేర్వేరు ప్రశ్నలు.

కొత్త ప్యానెళ్ళు చాలా అంటే, చాలవు. వాడి పాతబడినట్టు చేసే కండిషనింగ్ కూడా 0101.06లో ఉంది: 65 డిగ్రీలు, 80 శాతం తేమ, 10 రోజులు, డ్రమ్ములో 72,000 తిప్పులు. ఆ కండిషనింగ్ అయ్యాక .44ని 408 మీ/సెతో కొడతారు, కొత్తదాన్ని 436తో. స్పెషల్ రౌండ్లకి ఈ రెండో వేగం ఎవరూ రాయరు, మీరు రాయండి. ఇది ఛాదస్తం కాదు. 2003లో పెన్సిల్వేనియాలోని ఫారెస్ట్ హిల్స్‌లో ఆపాల్సిన తూటానే ఆపలేకపోయిన పోలీసు జాకెట్ జైలాన్ పోగుతో చేసింది. కొత్తగా ఉన్నప్పుడు అద్భుతం, వేడికీ తేమకీ బలం జారిపోయింది. 2005లో ఎన్‌ఐజే మధ్యంతర నిబంధనలు తెచ్చింది, 2008 నాటి 0101.06లో డ్రమ్ము వచ్చి కూర్చుంది. ఇంకా, పిస్టల్ ప్యానెళ్ళని షూట్ చేసేముందు నీళ్ళలో అరగంట ముంచే మెట్టు ఉంది. కవర్ కుట్టు దగ్గర నీళ్ళు దిగితే అరమిడ్ నేత పొరలు జారుడుగా మారి తూటాకి దారిస్తాయి. ఫెయిలైన ప్యానెల్‌ని ముందు తూకం వేయండి. పొడి బరువు కంటే ఎంత పెరిగిందో చూస్తే, తప్పు పోగుదా, కవర్ అతుకుదా అన్నది ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

రేంజ్_లాగ్‌బుక్

షాట్ల చోటు కూడా తేల్చండి. 9 మి.మీ.కి అంచు నుంచి 51 మి.మీ., .44కి 76. స్లగ్‌కి స్టాండర్డ్‌లో అంకె లేదు కాబట్టి కనీసం 76 రాసుకోండి. ఒక ప్యానెల్ మీద ఒక్క స్లగ్‌కి మించి వద్దు. మొదటి దెబ్బకే పొరలు మధ్యకి లాగేసుకుంటాయి, రెండోదానికి ప్యానెల్ అప్పటికే ముడతల మూట. దాని మీద వచ్చే అంకె ఎవరి పక్షాన వచ్చినా తగాదానే.

ఇదంతా ఆయుధాల చట్టం 1959, ఆయుధాల నియమాలు 2016 కింద అనుమతి ఉన్న రేంజిలోనే జరగాలి. ఫామ్‌హౌస్‌లో తెలిసినవాళ్ళ లైసెన్సు తుపాకీతో "ట్రయల్" అనే ఆలోచన ఎవరికైనా వస్తే అక్కడే ఆపేయండి. నేరం సంగతి అలా ఉంచితే, వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ లేదు, మట్టి లేదు, ఆ ఫలితాన్ని ఏ కొనేవాడూ చూడడు. ల్యాబ్‌కి ఐఎస్ఓ/ఐఈసీ 17025 (టెస్టు ల్యాబుల సామర్థ్య ప్రమాణం) గుర్తింపు ఉంటే సరిపోదు. గుర్తింపు పరిధి పట్టికలో మీరు అడిగే టెస్టు పద్ధతి పేరు ఉందో లేదో చూడండి.

క్యూసీ_జీడిమెట్ల

కొనేవాళ్ళకి పంపబోయే డ్రాఫ్ట్ ఇది, తప్పులుంటే చెప్పండి:

"సాఫ్ట్ ప్యానెల్: 0101.06 త్రీ-ఏ పూర్తిగా. అదనంగా అనుబంధంలో పేర్కొన్న 9 మి.మీ. హాలో పాయింట్, ఫ్రాంజిబుల్ ఒక్కోదానికి 24 షాట్లు, 12 కొత్త ప్యానెళ్ళ మీద, 12 కండిషనింగ్ అయినవాటి మీద. చిల్లు సున్నా, గుంట 0101.06 ప్రకారం. స్లగ్: 6 ప్యానెళ్ళు, ప్యానెల్‌కి ఒకటి, చిల్లు సున్నా, గుంట నమోదు మాత్రమే. ప్లేట్: ఆర్‌ఎఫ్2, ఐసీడబ్ల్యూ, పై సాఫ్ట్ ప్యానెల్‌తో కలిపి. ప్రతి షాట్‌కీ రెండు వేగాలు, యా కార్డు. ప్రతి పెట్టెకీ ముందు, తర్వాత డ్రాప్ అంకెలు."

పింగాణి_ప్లేట్

ఒక లోటు ఉంది. "24 షాట్లు, 12 కొత్త ప్యానెళ్ళ మీద, 12 కండిషనింగ్ అయినవాటి మీద" అని చదువుకుంటే ప్యానెల్‌కి ఒకటి అవుతుంది. మీ ఉద్దేశం ప్యానెల్‌కి ఆరు చొప్పున రెండు ప్యానెళ్ళు అయితే అలాగే రాయండి, లేకపోతే ల్యాబ్ బిల్లు చూసి గుండె ఆగుతుంది. ఆ ఆరింటిలో ఎన్ని 30 డిగ్రీలకి, ఎన్ని 45కి వంచి కొట్టాలో కూడా చెప్పాలి. ఏటవాలుగా తగిలిన తూటా పొరల మధ్య జారి అంచు నుంచి బయటపడటం నేరు షాట్లలో ఎప్పటికీ కనిపించదు.

గుంట_కొలత

అనుబంధంలో లాట్ నంబరు గడి పెట్టారా? సప్లయర్ ఒక లాట్, ల్యాబ్ ఇంకో లాట్ వాడితే మొత్తం మళ్ళీ మొదటికొస్తుంది. స్లగ్ గుంట "నమోదు మాత్రమే" అన్నచోట కొనేవాళ్ళ సంతకం విడిగా తీసుకోండి.